మీ ఫుట్‌బాల్ క్లబ్ ఫ్యాన్స్ ముందు అనలేని మాట ఇక్కడ అనండి (కారణం తప్పనిసరి)

డబుల్‌పివట్ (ఆర్సెనల్)
షరతు ఒక్కటే. మాట ఎంత చేదుగా ఉన్నా ఫర్వాలేదు, వెనక ఒక స్కోరో, రూలో, లెక్కో ఉండాలి. "రిఫరీలు అమ్ముడుపోయారు", "ఓనర్లు దొంగలు" అనేవాళ్ళకు వేరే థ్రెడ్లు బోలెడున్నాయి.

మొదటి రాయి నా మీదే. 2023-24లో ఆర్సెనల్ ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్ పై డివిజన్) టైటిల్‌ను చేజార్చుకోలేదు. 89 పాయింట్లు తెచ్చుకుంది, మాంచెస్టర్ సిటీ 91 తెచ్చుకుంది. అంతే కథ. లెస్టర్ 2015-16లో 81తో గెలిచింది. 1998-99లో మూడు కప్పులూ ఎత్తిన మాంచెస్టర్ యునైటెడ్ లీగ్ పాయింట్లు 79. ఇక మనం నెత్తిన పెట్టుకుని ఊరేగించే 2003-04 అజేయ జట్టు: 26 గెలుపులు, 12 డ్రాలు, 90 పాయింట్లు. ఆ 90ని తెచ్చి 2023-24 పట్టికలో పెట్టండి. రెండో స్థానం! ఓడకపోవడం గొప్పే. కానీ గెలుపుకు 3, డ్రాకు 1 కాబట్టి 12 డ్రాలంటే 24 పాయింట్లు నేలపాలు. 2024-25లో మన డ్రాలు 14, పాయింట్లు 74. ఆ ఏడు మనల్ని దెబ్బతీసింది ఓటములు కాదు (నాలుగే), డ్రాలు.

స్ట్రెట్‌ఫర్డ్ మూల (యునైటెడ్)
89 సంగతి ఒప్పుకున్నాను అన్నా. దాని చాటున 2022-23ని దాచేయకండి. ఏప్రిల్‌లో లివర్‌పూల్ మీద 2-0 నుంచి 2-2. సరిగ్గా వారానికి వెస్ట్ హామ్ మీద మళ్ళీ 2-0 నుంచి 2-2. తర్వాత అట్టడుగున ఉన్న సౌతాంప్టన్‌తో సొంత గ్రౌండ్‌లో 3-3. ఆపైన సిటీ దగ్గర 4-1. దీనికీ పట్టికదే తప్పా?

డబుల్‌పివట్ (ఆర్సెనల్)
దానికి కారణం మా సెంటర్‌బ్యాక్ సలీబా వెన్ను. మార్చిలో స్పోర్టింగ్ మ్యాచ్‌లో దెబ్బ తగిలి సీజన్ చివరిదాకా రాలేదు. వెనక ఉన్న ఖాళీని ఒంటరిగా కాచుకోగల సెంటర్‌బ్యాక్ ఉంటేనే డిఫెన్స్ లైను పైకి నిలుస్తుంది. అతని చోట హోల్డింగ్ వచ్చాడు, లైను కిందికి జరిగింది, మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య సందు తెరుచుకుంది. ఆ సందులోంచే ఆధిక్యాలు కారిపోయాయి. "పిరికి జట్టు" అంటే నేను ఒప్పుకోను. "సరైన రిజర్వ్ లేకుండా సీజన్ మొదలుపెట్టారు" అంటే ఒప్పుకుంటాను.

స్ట్రెట్‌ఫర్డ్ మూల (యునైటెడ్)
సరే, ఇప్పుడు మా ఇంటి గుట్టు. పాత కోచ్ ఫెర్గూసన్ వెళ్ళాక వచ్చిన లీగ్ సీజన్లలో మంచిది 2017-18. కోచ్ మొరీన్యో, 81 పాయింట్లు, రెండో స్థానం. ఆ ఏడాది సిటీ 100 కొట్టింది కాబట్టి మేమే దాన్ని వెక్కిరించాం. రెండో స్థానం తెచ్చిన 2020-21లో కోచ్ సోల్షార్ పాయింట్లు 74. అదేంటో, సోల్షార్ పేరు చెబితే మావాళ్ళ కళ్ళు చెమర్చుతాయి, మొరీన్యో పేరు చెబితే మొహం తిప్పుకుంటారు.

రెండోది ఇంకా చేదు. గ్లేజర్లు (ఓనర్ల కుటుంబం) 2005లో దాదాపు 79 కోట్ల పౌండ్ల కొనుగోలులో పెద్ద భాగాన్ని అప్పుగా క్లబ్ నెత్తినే పెట్టారు, నిజమే. కానీ ఆ వడ్డీ కట్టగా మిగిలిన డబ్బును తగలేసిన పద్ధతి వేరే తప్పు. ఒక కోచ్ మూడు సెంటర్‌బ్యాక్‌లంటాడు, తర్వాతివాడు పొడగర్లు కావాలంటాడు, ఆ తర్వాతివాడికి కౌంటర్‌లో పరిగెత్తేవాళ్ళు కావాలి. అందరి సామానూ ఒకే ఇంట్లో మిగిలిపోయింది. 2024 నవంబర్‌లో సీజన్ మధ్యలో కోచ్‌గా అమోరిమ్‌ను తెచ్చి 3-4-2-1 (వెనక ముగ్గురు డిఫెండర్ల ఆకారం) ఆడించారు. ఆ ఆకారంలో గీతను అంటిపెట్టుకుని ఉండే వింగర్‌కు చోటు లేదు. మా దగ్గర ఉన్నదేమో వింగర్లే. మధ్యలో ఇద్దరే మిడ్‌ఫీల్డర్లు, ఎదుటివాళ్ళు ముగ్గురిని దింపితే ప్రతిసారీ ఒకడు ఖాళీ. వింగ్‌బ్యాక్ పైకి వెళ్ళి తిరిగి రాలేకపోతే పక్క సెంటర్‌బ్యాక్ గీత దాకా లాగబడతాడు, బాక్స్‌లో ఇద్దరే మిగులుతారు. ఫలితం 42 పాయింట్లు, 15వ స్థానం. ఇది కోచ్ మొండితనం కంటే ముందు, నియమించినవాళ్ళ తప్పు. ఆకారం మారదని అతను చెప్పకముందే అతని పాత మ్యాచ్‌లు చెప్పాయి.

పద్దుపుస్తకం (చెల్సీ)
మావాళ్ళు నన్ను తన్నినా సరే. ఇంట్లో పెరిగిన కుర్రాళ్ళను అమ్మడం ఓనర్ల దురాశ అనుకుంటున్నారు కదా, అది రూలు ఇచ్చిన బహుమతి. లెక్క చూడండి.

10 కోట్ల పౌండ్లు పెట్టి ఒకణ్ణి అయిదేళ్ళ ఒప్పందం మీద కొన్నారు. పద్దులో ఏటా ఖర్చు 2 కోట్లు. ఎనిమిదేళ్ళ ఒప్పందమైతే ఏటా 1.25 కోట్లు. రెండేళ్ళ తర్వాత 5 కోట్లకే అమ్మాల్సివచ్చింది. అయిదేళ్ళ పద్దులో అతని విలువ ఇంకా 6 కోట్లు, కాబట్టి కోటి నష్టం. ఎనిమిదేళ్ళ పద్దులో 7.5 కోట్లు, రెండున్నర కోట్ల నష్టం. అంటే పొడవు ఒప్పందం ఖర్చును తగ్గించదు, వెనక్కి నెడుతుంది. వాడు ఆడితే తెలివి, ఆడకపోతే ఉరి. ముద్రిక్‌కు ఎనిమిదిన్నరేళ్ళు ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళు ఈ రెండో సగం చదవలేదు. 2023లో ముందు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ, తర్వాత ప్రీమియర్ లీగ్ కూడా ఫీజును అయిదేళ్ళకు మించి పరవకూడదన్నాయి.

ఇక అకాడమీ కుర్రాడు. కొన్న ఫీజు సున్నా, పద్దులో విలువ సున్నా. మౌంట్‌ను 5.5 కోట్లకు అమ్మితే 5.5 కోట్లూ ఆ ఏడాది లాభమే. అదే 10 కోట్లకు అయిదేళ్ళ ఒప్పందం మీద కొన్నవాణ్ణి మూడేళ్ళ తర్వాత 5.5 కోట్లకు అమ్మితే పద్దు లాభం 1.5 కోట్లు మాత్రమే. మూడేళ్ళకు కలిపి 10.5 కోట్ల నష్టం దాటకూడదన్న ప్రీమియర్ లీగ్ గీత మీద నడిచే క్లబ్ ముందు ఎవణ్ణి అమ్ముతుంది? సొంతింటి పిల్లాణ్ణే.

టచ్‌లైన్ (తటస్థం)
10.5 కోట్లు అందరికీ కాదు కదా? నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు అంత ఇవ్వలేదని గుర్తు.

పద్దుపుస్తకం (చెల్సీ)
సరిగ్గా పట్టుకున్నారు. ప్రీమియర్ లీగ్‌లో ఉన్న ఏడాదికి 3.5 కోట్లు, కింది డివిజన్‌లో ఉన్న ఏడాదికి 1.3 కోట్లు. ఫారెస్ట్ మూడేళ్ళలో రెండేళ్ళు కింద ఉంది: 3.5 + 1.3 + 1.3 = 6.1 కోట్లు. దాన్ని 3.45 కోట్ల మేర దాటింది, 2024 మార్చిలో 4 పాయింట్లు కోసేశారు.

నా అసలు అభ్యంతరం అక్కడే. పద్దులు జూన్ 30న మూస్తారు. ఫారెస్ట్ బ్రెన్నన్ జాన్సన్‌ను జూన్‌లో అయినకాడికి అమ్మకుండా ఆగి, సెప్టెంబర్ 1న 4.7 కోట్లకు పైగా ధరకు స్పర్స్‌కు (టాటెన్‌హామ్) అమ్మింది. వ్యాపారంగా అది మంచి బేరం. రూలు దృష్టిలో రెండు నెలల ఆలస్యం. జూన్ చివరి వారంలో ఎవరికి డబ్బు అవసరమో అందరికీ తెలుసు, అందుకే కొనేవాడు బిగుసుకు కూర్చుంటాడు. క్లబ్బులు నిలకడగా ఉండాలని పెట్టిన రూలు తొందరపాటు అమ్మకాలు చేయిస్తోంది.

అయినా ఇలా పాయింట్లు పోయిన ఎవర్టన్, ఫారెస్ట్ ఫ్యాన్స్ "మమ్మల్నే పట్టుకున్నారు" అనడం నాకు నచ్చదు. స్టేడియం కట్టడం, అకాడమీ, మహిళల జట్టు ఖర్చులు ముందే లెక్కలోంచి తీసేస్తారు. అవన్నీ తీసేశాక కూడా గీత దాటారు.

కాప్ ఎండ్ (లివర్‌పూల్)
మా ఊరి ప్రత్యర్థి ఎవర్టన్ మాట వచ్చింది కాబట్టి నేను మర్యాదగా మౌనం పాటిస్తున్నాను.

మా వైపు చేదు మాట: 2023 సెప్టెంబర్ 30న స్పర్స్ మీద డియాజ్ గోల్ పోయాక రీప్లే ఆడించాలని అడగడం తప్పు. అది ఆఫ్‌సైడ్ (బంతి తన్నిన క్షణానికి చివరి డిఫెండర్‌ను దాటి ఉండటం) కాదు, అందులో గొడవే లేదు. వీఏఆర్ (వీడియో రిఫరీల) గదిలో గీత సరిగ్గానే పడింది. కానీ మైదానంలో గోల్ ఇచ్చారనుకుని "చెక్ పూర్తయింది" అనేశారు. మైదానంలో ఇచ్చింది ఆఫ్‌సైడ్. ఫ్రీకిక్ తన్నేశారు. ఆట మళ్ళీ మొదలయ్యాక వెనక్కి వెళ్ళే అధికారం రిఫరీకి లేదు. ఆ ఒక్కదానికి రీప్లే ఇస్తే ప్రతి సోమవారం రీప్లే అర్జీలే. పరికరం పనిచేసింది, మాట్లాడుకోవడం చేతకాలేదు. ముందు మైదానంలోని నిర్ణయం పైకి చెప్పి, తర్వాత తాము చూసింది చెప్పి, చివర తుది నిర్ణయం చెప్పాలన్న క్రమం పాటిస్తే పది సెకన్లలో పట్టుబడేది.

రెండో అసిస్టెంట్ (రూల్స్ పిచ్చి)
ఈ మాట మీద నాకు పూనకం వస్తుంది, క్షమించండి.

మొదట పాత గీతల సంగతి. 50 ఫ్రేముల కెమెరాలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య 0.02 సెకను. స్ట్రైకర్ సెకనుకు 8 మీటర్ల వేగంతో దూసుకెళ్తుంటే ఆ వ్యవధిలో 16 సెంటీమీటర్లు కదులుతాడు. డిఫెండర్ ఎదురు దిశలో 3 మీటర్ల వేగంతో పైకి వస్తుంటే ఇంకో 6. మొత్తం 22 సెంటీమీటర్లు. పాదం బంతిని తాకిన క్షణం రెండు ఫ్రేముల మధ్య పడితే, మీరు ఎంచుకున్న ఫ్రేమును బట్టి తీర్పు తారుమారు. అలాంటి పరికరంతో మడమ, చంక కొలిచారు. 2021-22 నుంచి గీతలు లావు చేసి, ఒకదానిమీద ఒకటి పడితే ఆన్‌సైడ్ అన్నారు. అది పరికరానికి తగ్గ వినయం.

2022 వరల్డ్ కప్‌లో వచ్చిన సెమీ ఆటోమేటెడ్ పద్ధతి వేరు. పైకప్పు కింద 12 కెమెరాలు, ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 బిందువులు, సెకనుకు 50 సార్లు. బంతిలోని సెన్సర్ సెకనుకు 500 సార్లు. తన్నిన క్షణం ఎప్పుడన్న అసలు చిక్కు ఆ సెన్సర్‌తో తీరింది. ప్రీమియర్ లీగ్‌కు ఈ తరహా పద్ధతి 2025 ఏప్రిల్ 12న గానీ రాలేదు.

ఇప్పుడు నా చేదు మాట: ఆర్సెనల్ మాజీ కోచ్ వెంగర్ చెప్పే "మధ్యలో వెలుతురు కనబడితేనే ఆఫ్‌సైడ్" సూత్రం ఈ గొడవను తీర్చదు. ముందరి బొటనవేలు కొలిచే బదులు వెనకటి మడమ కొలుస్తారు. గీత జరుగుతుంది, గీత దగ్గరి సెంటీమీటరు అలాగే ఉంటుంది. పైగా స్ట్రైకర్‌కు ఒంటి మందమంత ఆధిక్యం ఇస్తే ఏ కోచ్ లైను పైకి పెడతాడు? అందరూ బాక్స్ ముందుకు దిగిపోతారు. గోల్స్ పెరగాలని చేసిన మార్పు ఆటను కుదించేస్తుంది. 1990లో "సమానంగా ఉంటే ఆన్‌సైడ్" అన్నప్పుడు దాడికి ఇవ్వాల్సిన మొగ్గు ఇచ్చేశారు.

డబుల్‌పివట్ (ఆర్సెనల్)
మరి 2024 యూరోలో జర్మనీ మీద డెన్మార్క్ గోల్ బొటనవేలితో పోయింది కదా. అదీ న్యాయమేనా?

రెండో అసిస్టెంట్ (రూల్స్ పిచ్చి)
న్యాయమే. ఆఫ్‌సైడ్‌లో "కొంచెం" ఉండదు. కానీ నిమిషాల వ్యవధిలో రెండో వైపు చేతికి బంతి తగిలి పెనాల్టీ ఇచ్చారు చూడండి, అది నాకు మింగుడుపడదు. గోల్‌కు దూరంగా పోతున్న క్రాస్ చేతిని రాసుకుంటే దొరికేది పెనాల్టీ, అంటే నాలుగింట మూడుసార్ల కంటే ఎక్కువగా గోల్ అయ్యే అవకాశం. తప్పు పావలా, జరిమానా పది రూపాయలు.

దీనికి మందు గోల్‌కీపర్ల రూలులో ఉంది. బంతి చేతుల్లో 6 సెకన్లకు మించి ఉంచుకుంటే బాక్స్‌లో ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ ఇవ్వాలని ఏళ్ళ తరబడి పుస్తకంలో ఉంది. శిక్ష మరీ పెద్దది కాబట్టి ఎవరూ ఇచ్చేవారు కాదు. 2025 జూలై నుంచి 8 సెకన్లు చేసి, శిక్షను కార్నర్‌కు తగ్గించారు. చివరి 5 సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్ళతో లెక్కపెడతాడు. కాలం పెంచి, శిక్ష తగ్గిస్తేనే రూలుకు ప్రాణం వచ్చింది. గోల్ వైపు వెళ్ళని బంతికి చెయ్యి తగిలితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ చాలు. రిఫరీకీ ధైర్యంగా ఊదే వీలుంటుంది.

స్వీపర్ కీపర్ (సిటీ)
గోల్‌కీపర్ల దాకా వచ్చారు కాబట్టి నా వంతు. "వెనక నుంచి పాసులు ఆపి బంతిని పైకి తన్నండి" అని అరిచే ఫ్యాన్స్ సగం కరెక్ట్. మా వైపు ఇది దైవదూషణ.

2019 నుంచి గోల్‌కిక్‌లో బంతి బాక్స్ దాటనక్కర్లేదు. అందుకే సెంటర్‌బ్యాక్‌లు కీపర్ పక్కనే నిలబడుతున్నారు. ఉద్దేశం పాసుల అందం కాదు, ఎర. ఎదుటి జట్టు పదిమందీ మనిషికి మనిషి పట్టుకుంటే ఖాళీగా మిగిలేది మన కీపర్ ఒక్కడే, ఎందుకంటే వాళ్ళ కీపర్ అవతల ఉన్నాడు. కీపర్ బంతి మీద కాలు పెట్టి ఆగుతాడు. ఎవరో ఒకడు తన మనిషిని వదిలి కీపర్ మీదికి రాకతప్పదు. వచ్చాడా, అతను వదిలిన మనిషికి బంతి. ఇదంతా పనిచేయాలంటే కీపర్‌కు రెండు కాళ్ళూ రావాలి. ఒక్క కాలే వస్తే, వచ్చేవాడు ఆ కాలి వైపు నుంచి వంపుగా పరిగెత్తి ఒక పక్క మూసేస్తాడు. అప్పుడు మిగిలేది భయంతో కొట్టిన పాసు, మన బాక్స్ అంచున పోయిన బంతి.

పదిమందీ మీదికొచ్చినప్పుడు వాళ్ళ వెనక సగం మైదానం ఖాళీ, అక్కడ ముగ్గురికి ముగ్గురే. అప్పుడు పొడవుగా కొట్టడమే తెలివైన పాసు. గోల్‌కిక్ నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ కూడా లేదు, కాబట్టి స్ట్రైకర్ డిఫెండర్ వెనకే నిలబడి ఉండొచ్చు. మా పాత కీపర్ ఎడర్సన్ గొప్పతనంలో సగం ఆ పొడవు తన్నులోనే ఉంది. మనవాళ్ళు దాన్ని వదిలేసి చిన్న పాసుల్ని మాత్రం కాపీ కొట్టారు. ఆఖరికి సిటీయే 2025లో షాట్లు ఆపడమే ప్రధాన బలమైన డోనరుమ్మాను తెచ్చుకుంది.

టచ్‌లైన్ (తటస్థం)
త్రో-ఇన్‌కూ ఆఫ్‌సైడ్ లేదు. పొడవు త్రోలు తిరిగి రావడానికి అదొక కారణం. 2008-09లో స్టోక్‌కు డెలాప్ విసురుతుంటే "ఇదేం ఫుట్‌బాల్" అన్నవాళ్ళే ఇప్పుడు తమ జట్టు విసిరితే "వివరాల మీద శ్రద్ధ" అంటున్నారు.

నా చేదు మాట ఆర్సెనల్‌ను వెక్కిరించేవాళ్ళకు. కార్నర్ గోల్ ఓపెన్ ప్లే గోల్ కంటే తక్కువ జాతిది కాదు. ఆర్సెనల్‌కు కార్నర్లు నేర్పే కోచ్ జోవర్ పద్ధతి గమనించండి. ఆరుగురు దూరపు పోస్టు వైపు గుంపుగా నిలబడతారు. తన్నే ముందు క్షణంలో అందరూ ఒకేసారి కీపర్ వైపు పరుగు. కుడి మూల నుంచి సాకా ఎడమ కాలు, ఎడమ మూల నుంచి రైస్ కుడి కాలు, రెండూ గోల్‌లోకి వంగే బంతులే. ఒకడు కీపర్ దారికి అడ్డం, ఇంకొకడు తలతో కొట్టాల్సిన గాబ్రియేల్‌ను కాచేవాడికి అడ్డం. జోన్‌లో నిలబడ్డ డిఫెండర్ నిలువునా ఎగరాలి, వచ్చేవాడు పరుగు మీద ఎగురుతాడు. తేడా అక్కడే. చెడేది ఎక్కడంటే, బంతి ఎత్తు తగ్గితే దగ్గరి పోస్టు దగ్గరున్న మొదటివాడే తలతో తోసేస్తాడు. కీపర్ పట్టేశాడో, వెనక మిగిలింది ఇద్దరే.

కాప్ ఎండ్ (లివర్‌పూల్)
అడ్డం నిలబడటం అంటున్నారు, పట్టుకుని లాగడం కాదా? అన్నిటికీ పెనాల్టీలూ ఫ్రీకిక్‌లూ ఎందుకివ్వరు?

రెండో అసిస్టెంట్ (రూల్స్ పిచ్చి)
సగం పట్టుకోవడాలు బంతి తన్నకముందే జరుగుతాయి. అప్పుడు బంతి ఆటలో లేదు కాబట్టి ఫ్రీకిక్, పెనాల్టీ ఉండవు. రిఫరీ ఆపి మందలించవచ్చు, కార్డు చూపించవచ్చు, అదే కార్నర్ వేయిస్తాడు. కోచ్‌లకు ఇది బాగా తెలుసు. తన్నే క్షణానికి చేతులు వదిలేసి ఒళ్ళు మాత్రం అక్కడే ఉంచమని నేర్పుతారు.

పద్దుపుస్తకం (చెల్సీ)
ఒక చిన్న లెక్క చెప్పి పోతాను, ఎక్స్‌జీ (ఒక్కో షాట్ గోల్ అయ్యే సంభావ్యతల మొత్తం) భక్తులకు. ఒక జట్టుకు 0.4 చొప్పున రెండు అవకాశాలు, ఇంకో జట్టుకు 0.1 చొప్పున ఎనిమిది. మొత్తం ఇద్దరికీ 0.8. కనీసం ఒక గోల్ పడే సంభావ్యత మొదటి జట్టుకు 64 శాతం, రెండోదానికి 57. మ్యాచ్ అయ్యాక మొత్తాలు పక్కపక్కన పెట్టి "మేమే బాగా ఆడాం" అనడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

స్ట్రెట్‌ఫర్డ్ మూల (యునైటెడ్)
ఛాంపియన్స్ లీగ్ కొత్త ఫార్మాట్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 36 జట్లు, ఎనిమిదేసి మ్యాచ్‌లు, మొత్తం 144. ఇవన్నీ ఆడి ఇంటికి పంపేది 12 జట్లను. పాత గ్రూపులు 96 మ్యాచ్‌ల్లో 16 జట్లను ఈ పోటీ నుంచి తప్పించేవి. 2024-25లో పట్టికలో మొదటి స్థానం లివర్‌పూల్‌ది, 15వ స్థానం పీఎస్‌జీది. ప్రీక్వార్టర్స్‌లో ఆ 15వ జట్టే మొదటి జట్టును పెనాల్టీల్లో కొట్టి, ఫైనల్లో ఇంటర్‌ను 5-0తో చితక్కొట్టింది. మరి 144 మ్యాచ్‌లు దేనికి?

కాప్ ఎండ్ (లివర్‌పూల్)
గాయం మీద కారం. అయినా ఫార్మాట్ బాగుందంటాను. జనవరిలో సిటీ మీద 0-2 నుంచి 4-2కి వచ్చిన మ్యాచ్ పీఎస్‌జీకి చావుబతుకుల మ్యాచ్. పాత గ్రూపుల్లో ఇలాంటి చివరి రౌండ్లు చాలాసార్లు నామమాత్రంగా గడిచేవి. మొదటి స్థానానికి పెద్ద బహుమతి లేదన్నది మాత్రం నిజం. మొదటి ఎనిమిదికీ ఒక రౌండ్ తప్పుతుంది. ఎదురుపడేవాణ్ణి పై జట్టు తనే ఎంచుకునే వీలిస్తే సరిపోతుంది.

పదిహేడో స్థానం (స్పర్స్)
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. మాది 2024-25: 22 ఓటములు, 38 పాయింట్లు, 17వ స్థానం, చేతిలో యూరోపా కప్పు. 2008 తర్వాత మేం గెలిచిన మొదటి కప్పు.

మావాళ్ళు ఒప్పుకోని మాట: ఫైనల్ అయిన 16 రోజులకు కోచ్ పోస్టెకోగ్లూను పంపేయడం సరైన పనే. కప్పు గెలిచింది అతని ఆట కాదు. ఫైనల్ జరిగిన బిల్బావోలో అతను తన లైనునూ తన సూత్రాన్నీ పక్కనపెట్టి, ముందు గోల్ వేసి బాక్స్ ముందు గోడ కట్టాడు. ఆ పని నవంబర్‌లోనే చేసి ఉంటే పదో స్థానమైనా దక్కేది.

డబ్బు పరంగా కూడా ఆ బేరం నష్టం కాదు. లీగ్‌లో ఒక్కో స్థానానికి సుమారు 30 లక్షల పౌండ్లు. ఛాంపియన్స్ లీగ్‌లో అడుగుపెడితేనే 1.86 కోట్ల యూరోలు, గెలిచిన ప్రతి మ్యాచ్‌కు 21 లక్షలు. అంటే సుమారు అయిదు స్థానాల డబ్బు ఒక్క మ్యాచ్‌కూ ముందే చేతిలో పడింది.

పద్దుపుస్తకం గారికి ఒక మాట. ఫారెస్ట్ జూన్‌లో అమ్మకుండా సెప్టెంబర్ దాకా ఆగి, 4 పాయింట్లు పోగొట్టుకుని మాకిచ్చిన ఆ బ్రెన్నన్ జాన్సన్ ఉన్నాడే, యునైటెడ్ మీద ఫైనల్లో పడిన ఒకే ఒక్క గోల్ అతని పేరు మీదే ఉంది. స్ట్రెట్‌ఫర్డ్ మూల గారు ఈ ఒక్క పేరా చదవకుండా వదిలేయవచ్చు.